అంగడిలోని పాట

నగరములయందలి పెద్ద సరకుల కొట్లలో, అనగా ఎల్లరును సూపర్‌మార్కెట్టులని పిలుచు స్థలములలో, కాలు పెట్టినది మొదలు వెలుపలికి వచ్చువరకును ఒక పాట వినవచ్చుచుండును. పాడువారెవరో కనబడరు; పాడుమని కోరినవారును లేరు. పైకప్పులో అమర్చిన జల్లెడవంటి మూతల వెనుకనుండి అది క్రిందికి జాలువారుచుండును. కందిపప్పు పొట్లము నెత్తి వెల చూచుకొనుచున్న గృహస్థు తనకు తెలియకయే దాని కనుగుణముగ తల యూచును. బయటికి వచ్చిన పిమ్మట లోపల ఏ పాట వినబడెనని అడిగినచో ఒక క్షణము తడబడి, ఏదో తెలిసిన పాటయే యనును. అది నిజము. తెలిసిన పాట కాకున్నచో దాని నచట నుంచరు.

ఇదియు నొక సంపాదకీయమునకు తగిన విషయమా యని పఠనమందిరములలోని మిత్రులు కొందరు నవ్వవచ్చును. బియ్యపు ధరను గూర్చియో, కొళాయి నీటిని గూర్చియో వ్రాయరాదా యందురు. ఆ విషయములను మేము విడిచిపెట్టబోము. ఐనను మనుష్యుని చెవిని అతని యనుమతి లేకుండ పనికి వినియోగించుకొనుట చిన్న సంగతి యని మాకు తోపదు. కన్నునకు రెప్ప యున్నది. ఇష్టము లేని ప్రకటననుండి చూపు మరల్చుకొనవచ్చును. చెవికి అట్టి సౌకర్యమును భగవంతుడు కల్పింపలేదు.

ఈ యాచారమునకు పుట్టినిల్లు అమెరికా. ఆ దేశపు సేనలో మేజరు జనరలు పదవి నధిష్ఠించిన జార్జి ఓవెన్ స్క్వయర్ అను నాయన విద్యుత్తంతుల వెంబడి సంగీతమును పంపు పద్ధతిని కనిపెట్టి, 1920ల దశకమున పేటెంట్లు సంపాదించెను. 1934లో ఆ వ్యాపారమునకు మ్యూజాక్ అను పేరు వచ్చినది. మ్యూజిక్ అను మాట తలను, ఛాయాచిత్ర పరికరములకు పేరుపడిన కొడాక్ కంపెనీ తోకను అతికి చేసిన పేరది. ఇండ్లలో అప్పటికే రేడియో పాదుకొనియుండుటచేత ఈ తంతిసంగీతము హోటళ్ళను, భోజనశాలలను, పిమ్మట కర్మాగారములను ఆశ్రయించెను. యుద్ధకాలమున ఇంగ్లండులోను ఇట్టి ప్రయత్నమే జరిగినది. 1940 జూను నుండి బి.బి.సి. వారు కర్మాగారములలోని కార్మికుల కొరకు దినమునకు రెండు పర్యాయములు అరగంటసేపు సంగీతమును ప్రసారము చేసిరి. ఆ కార్యక్రమము 1967వరకు సాగినది. అలసట తెలియకుండ పని జరుగవలెనన్నదే దాని యుద్దేశము. ఆ యుద్దేశమును వారు దాచుకొనలేదు. పనిచేయుచుండగా సంగీతము అని అర్థము వచ్చు పేరే దానికి పెట్టిరి.

మ్యూజాక్ వారు మరియొక యడుగు ముందుకు వైచిరి. పావుగంట కొక విడతగా పాటలను కూర్చి, విడతలోని ఒక్కొక్క పాటయు ముందరి దానికంటె కొంచెము చురుకుగ నుండునట్లు అమర్చి, తరువాత అంతసేపు నిశ్శబ్దము నుంచి, మరల మొదలుపెట్టుచుండిరి. వైద్యుడు మందునకు మోతాదు నిర్ణయించినట్లు వారు సంగీతమునకు మోతాదు నిర్ణయించిరన్నమాట. నాడు నడుమ ఆ నిశ్శబ్దమైనను ఉండెను. నేటి కొట్లలో అదియు లేదు.

ఇచట పారిస్ నగరపు ముచ్చట యొకటి జ్ఞప్తికి వచ్చుచున్నది. ఎరిక్ సతీ అను ఫ్రెంచి సంగీతకర్త, గదిలో కుర్చీలు బల్లలు పడియుండునట్లు ఊరక పడియుండుటకే యని చెప్పి కొంత సంగీతమును కట్టి, దానికి గృహోపకరణ సంగీతమని పేరిడెను. 1920లో ఒక నాటకపు విరామసమయమున దానిని వాయింపజేసి, ఎవరును వినవలదనియు, లేచి తిరుగుచు మాటలాడుకొనుడనియు ప్రేక్షకులను వేడుకొనెను. వాద్యములు మ్రోగగనే వారందరు తమ స్థానములకు మరలివచ్చి కిమ్మనక విన మొదలిడిరట! సతీ ఎంత బ్రతిమాలినను ప్రయోజనము లేకపోయెను. సంగీతము వినబడిన తోడనే నోరు మూసికొనుట ఆనాటి మనుష్యునికి సహజగుణమై యుండెను. నూరేండ్లలో ఆ గుణము ఎంత పలుచబడినదో కొలుచుకొనదలచినవారు ఏ సాయంకాలమైనను ఒక సూపర్‌మార్కెట్టుకు పోయి కాసేపు నిలుచుండిన చాలును. సతీ వేళాకోళముగ కోరినది నేడు నిత్యవ్యవహారమైనది.

తొలినాళ్ళలో ఇట్లు పంపబడు సంగీతమునకు ముఖము లేకుండెను. ప్రజలెరిగిన పాట నెత్తుకొని, గాయకుని కంఠమును తీసివైచి, వయొలీనులతో మెత్తపరచి, దృష్టి నాకర్షించు మలుపులను చెరిపి పంపుచుండిరి. జనులు దానిని లిఫ్టు సంగీతమని ఎగతాళి చేసిరి. 1980ల దశకమున టెడ్ నూజెంట్ అను అమెరికా గిటారు వాద్యకారుడు ఆ కంపెనీని మూసివేయుటకే కొందునని కోటి డాలర్లు ఈయజూపెను, వారు అమ్మలేదు. ఐనను ఎగతాళి సాధింపలేనిదానిని పోటీ సాధించినది. అసలు గాయకులు పాడిన అసలు పాటలనే అంగళ్ళకు పంపు సంస్థలు బయలుదేరుటతో, ఆ దశకముననే మ్యూజాక్ వారును ఆ త్రోవ పట్టవలసివచ్చెను. 2011లో మూడ్ మీడియా అను సంస్థ దానిని కొనెను. 2013లో ఆ పాత పేరునుకూడ తీసివేసిరి. పేరు పోయినను పని పోలేదు. నేడు సూపర్‌మార్కెట్టులో మన చెవిని బడునది ఈ రెండవ తరపు సంగీతము: మన మెరిగిన గొంతు, మన మెరిగిన పల్లవి, యౌవనమున మనము మెచ్చుకొన్న పాట.

దీనిని సంస్కారముగ భావించువారు కలరు. మా కట్లు తోచుట లేదు. ముఖము లేని సంగీతమును నిర్లక్ష్యము చేయుట సులభము. తెలిసిన పాట మన యింటి మనిషివలె అడుగకయే లోపలికి వచ్చును. దానితోపాటు ఒక వేసవి సెలవు, ఒక స్నేహితుని ముఖము, ఎన్నడో మూతపడిన ఒక సినిమాహాలు వచ్చును. ఆ జ్ఞాపకములను ఏండ్ల తరబడి కూడబెట్టుకొన్నవారము మనము. వానిని బిస్కత్తుల యరయెదుట మనపైననే ప్రయోగించువాడు వర్తకుడు. మన వ్రేలితో మన కన్ను పొడుచుట యనగా నిదియే. ఒకప్పుడు ఏ పాట రేడియోలో వచ్చునాయని కాచుకొని కూర్చుంటిమో, ఆ పాటయే నేడు మనము వినకుండ వినుటకు అలవాటుపడిన చప్పుడైనది. పాటకు జరిగిన నష్టము కొనుగోలుదారునకు జరిగిన నష్టముకంటె తక్కువది కాదు.

ఇదంతయు మా యూహ యని ఎవరైన ననుకొందురేమో. వర్తకశాస్త్రజ్ఞులు ఈ సంగతిని ఊహకు విడిచిపెట్టియుండలేదు. రొనాల్డ్ మిల్లిమన్ అను అమెరికా పండితుడు ఒక సూపర్‌మార్కెట్టులో తొమ్మిది వారములపాటు పరీక్ష జరిపి 1982లో ఫలితములను ప్రకటించెను. కొన్ని దినములు నెమ్మదియైన సంగీతమును, కొన్ని దినములు వడిగల సంగీతమును మ్రోగించి, కొన్ని దినములు ఏమియు లేకుండ నుంచి చూచెను. నెమ్మదిపాటల దినములలో జనులు అరల నడుమ నెమ్మదిగ నడచిరి. అమ్మకము వడిపాటల దినములకంటె నూటికి 38 వంతులు హెచ్చెను. ఒక్క అంగడిలోని పరీక్షను వేదవాక్యముగ గైకొనుట తగదని మేమును ఒప్పుకొందుము. ఐనను పల్లకి బోయీల పదమును, దంపుళ్ళ పాటను ఎరిగిన జాతికి నడకకును పాటకును గల బంధమును అమెరికా పండితుడు బోధింపవలసిన పని లేదు. భేద మొక్కటే. దంపుళ్ళ పాట పాడునది రోకలి పట్టిన యామెయే; తన చేతికి తానే తాళము వేసికొనుచున్నది. సూపర్‌మార్కెట్టులో మన కాలికి తాళము వేయువాడు మరియొకడు. వాడు మన కంటికి కనబడడు, వాని లాభమేమో మనకు చెప్పడు.

ఇంగ్లండులో ఏడ్రియన్ నార్త్ అను మనశ్శాస్త్రజ్ఞుడును ఆయన సహచరులును జరిపి 1997లో ప్రకటించిన పరీక్ష ఇంకను విచిత్రమైనది. ఒక సూపర్‌మార్కెట్టులో ఫ్రెంచి, జర్మను ద్రాక్షమద్యపు సీసాలను ప్రక్కప్రక్కన నుంచి, ఒకనాడు ఫ్రెంచి బాణీలను, మరునాడు జర్మను బాణీలను అరయొద్ద మ్రోగించిరి. ఫ్రెంచి బాణీల దినములలో ఫ్రెంచి సీసాలు 40 అమ్ముడుపోగా జర్మను సీసాలు 8 మాత్రమే పోయినవి. జర్మను బాణీల దినములలో జర్మను సీసాలు 22, ఫ్రెంచి సీసాలు 12. కొన్నవారిని పిలిచి, సంగీతము మీ యెంపికపై పనిచేసినదా యని ప్రశ్నింపగా వారిలో ఎక్కువమంది లేదనిరి. అమ్మకపు లెక్కలకంటె ఈ జవాబే మమ్ము కలవరపెట్టుచున్నది. తూకములో మోసపోయినవాడు ఇంటికి పోయి తూచుకొని తెలిసికొనగలడు. ఈ మోసమును తూచుకొనుటకు ఇంట త్రాసు లేదు.

మన వీధులలోని అమ్మకపు ధ్వనులను తలచుకొందము. పూలమ్మి కేక, ఐసుబండివాని గంట, పాత యినుము కొనువాని అరపు. ఇవి శ్రావ్యములని మేము వాదింపము. మధ్యాహ్నపు నిద్రను చెడగొట్టిన సందర్భములు లేకపోలేదు. కాని అవి నిజాయితీగల ధ్వనులు. నేను వచ్చితిని, నా యొద్ద నిది యున్నది, కావలసిన కొనుడని చెప్పి ముందుకు సాగిపోవును. పెండ్లిలోని సన్నాయి మేళమును జూపి మీరును మాటల నడుమనే సంగీతము వినుచున్నారు గదా యని మమ్ము ఎవరైన నడుగవచ్చును. అడుగదగిన ప్రశ్నయే. పందిటిలో జనులు మాటలాడుకొనుచునే యుందురు. ఐనను గట్టిమేళము మ్రోగినచో అన్ని తలలును ఒక్కమారు పీటలవైపు తిరుగును. అది మంగళసూత్రధారణమని పసివానికిని తెలియును. జపాను దేశపు కొట్లలో మూయు వేళకు స్కాట్లండునుండి వచ్చిన పాత వీడ్కోలు బాణీ యొకటి మ్రోగింతురు. 1881 నాటి బడిపాటల సంపుటములోనే ఆ దేశపు మాటలు తొడుగుకొన్న బాణీ యది. వినినవారు వేళ యైనదని గ్రహించి బయలుదేరుదురు. ఆ పాట ఏల మ్రోగుచున్నదో మ్రోగించువానికిని తెలియును, వినువానికిని తెలియును.

బహిరంగస్థలములందు సంగీతమే కూడదని మేము చెప్పుట లేదు. 1930లో మద్రాసు కార్పొరేషనువారు రేడియో ప్రసారములు ప్రారంభించినపుడు సముద్రపుటొడ్డునను ఉద్యానవనములలోను ధ్వనివర్ధకములు పెట్టించిరి. ఇండ్లలో రేడియో లేనివారు అచటికి పోయి, గడ్డిపై కూర్చుండి, విని, తమ కిష్టమైనపుడు లేచి వచ్చుచుండిరి. పోయినవారు వినుటకే పోయిరి. బియ్యము కొనుటకు పోయినవానికి ఆ స్వేచ్ఛ ఏదీ?

ఈ ప్రశ్న న్యాయస్థానములకును ఎక్కినది. వాషింగ్టను నగరపు బస్సులలోను ట్రాముబండ్లలోను సంగీతమును, నడుమనడుమ ప్రకటనలను వినిపించు పద్ధతి 1948లో ఆరంభముకాగా, దానిపై ఇద్దరు ప్రయాణికులు పోరాడిరి. వ్యాజ్యెము అమెరికా సుప్రీముకోర్టువరకు పోయి 1952లో తీర్పు వచ్చెను. ప్రయాణికులు ఓడిపోయిరి. ఐనను జస్టిసు విలియం డగ్లస్ తోడివారితో ఏకీభవింపక, పనికి పోవుటకు వేరుదారి లేని ప్రయాణికుడు బలవంతపు శ్రోత యగుచున్నాడనియు, ఒంటరిగ విడువబడు హక్కు స్వాతంత్ర్యమున కాదియనియు అభిప్రాయము వ్రాసెను. జస్టిసు ఫెలిక్స్ ఫ్రాంక్‌ఫర్టర్ చేసిన పని మాకు మరింత రుచించినది. ఆ సంగీతమునకు తానును బాధితుడననియు, తన మనస్సు అంత తీవ్రముగ నున్నపుడు తీర్పు చెప్పుట తగదనియు తెలిపి ఆయన ఆ వ్యాజ్యెమునుండి తప్పుకొనెను! 1969లో పారిస్‌లో సమావేశమైన అంతర్జాతీయ సంగీతమండలి, అంతటను రికార్డు సంగీతమును విచ్చలవిడిగ మ్రోగించుటను ఖండించి, నిశ్శబ్దమునకు ప్రతి మనుష్యునికిని హక్కు కలదని తీర్మానించినది. ఆ తీర్మానము చేసినవారు సంగీతద్వేషులు కారు. సంగీతమే వృత్తిగా గలవారు.

కొనుగోలుదారు అరగంటలో బయటపడును. పనిచేయువారి మాట యేమి? బిల్లుల బల్లవద్ద నిలిచిన అమ్మాయియు, అరలలో సరకు సర్దు కుర్రవాడును పూటంతయు అదే పాటల చక్రములో తిరుగుచుందురు. శబ్దము తగ్గించు మీట వారి చేతిలో ఉండదు. పాటల పట్టిక ఎచటనో ఏ కార్యాలయమందో తయారగును. పాశ్చాత్యదేశములలో క్రిస్మసు సమీపించినచో ఈ బాధ పరాకాష్ఠ నందును. మరయా కేరీ 1994లో పాడిన క్రిస్మసు పాట ఇరువదియైదేండ్ల పిమ్మట, 2019లో, అమెరికా పాటల పట్టికలో మొదటిసారిగ అగ్రస్థానమున కెక్కినదనగా, ఏటేట అది ఎన్ని చెవులలో పడుచున్నదో ఊహించుకొనవచ్చును. ఆ పాట చెడ్డదని మేమనము. పాయసమైనను పూటకు ముప్పదిమార్లు వడ్డించినచో విస్తరి విడిచి లేవవలసినదే. గుమాస్తాకు లేచిపోవు వీలు లేదు.

మన తెలుగు నగరములలో ఈ కొట్లు పెరిగినకొలది ఈ యాచారమును వచ్చి చేరినది. ఒకచోట ఆంగ్లపు పాట, మరియొకచోట హిందీ పాట, వేరొకచోట మన చలనచిత్రపు పాట. తెలుగుపాటయే మ్రోగవలెనని కోరు అభిమానులు కలరు. వారి యభిమానమును మేము గౌరవింతుము; ఐనను పాట తెలుగైనంతమాత్రమున ఈ వ్యవహారము స్వదేశీ కాజాలదు. మాకు ఆప్తమైన పాట గనుకనే, ఘంటసాలవారి కంఠము ఉల్లిపాయల బుట్టమీదుగా ఎవరును వినకుండ పారిపోవుచుండగా, ఏ యాంగ్లపు పాటకును పడనంత నొప్పి మేము పడుదుము.

చట్టము పాటకు వెల కట్టుట నేర్చినది. 1957 నాటి కాపీరైటు చట్టము ప్రకారము అంగడిలో రికార్డు పాట వినిపింపదలచిన యజమాని హక్కుదారుల యనుమతి పొందవలెను. 2012లో జరిగిన సవరణచే పాట వ్రాసినవారికిని, స్వరము కట్టినవారికిని ఆ రాబడిలో తొలగింపరాని వాటా యేర్పడినది. మంచిదే, దీనిని మేము హర్షించితిమి. కాని పాట యజమాని యనుమతి నడిగిన చట్టము చెవి యజమాని యనుమతిని అడుగవలెనని ఇంతవరకు తలపోయలేదు. బ్రిటనులో రాబర్ట్ కీ అను పార్లమెంటు సభ్యుడు 2000లో, వైద్యశాలలు మొదలగు ప్రజాస్థలములలోనైనను ఇట్టి సంగీతమును నిషేధింపవలెనని బిల్లు తెచ్చెను. అది చట్టము కాలేదు.

అంగడి బావురుమనుచుండుటకంటె పాట యుండుటే మేలుకదా యని, జనులకు అది యిష్టమే కదా యని యజమానులందురు. కొందరికి ఇష్టమన్నమాట నిజమే. ఒంటరిగ నివసించు వృద్ధునికి ఆ గొంతు తోడుగ తోచవచ్చును. అమెరికాలోని కె-మార్ట్ కొట్లలో ఒకప్పుడు మ్రోగించిన కాసెట్లను ఆనాటి యుద్యోగి యొకడు దాచియుంచి 2015లో అందరికిని అందుబాటులో నుంచగా, ఎందరో ముచ్చటపడి వినిరి. మాకు దీనిలో వింత కనబడదు. వారు ఆ సంగీతమును మొట్టమొదటిసారిగ కూర్చుండి వినిరి. చుట్టును అంగడి లేకపోవుటచేతనే అది సాధ్యమైనది.

నిశ్శబ్దముచే వర్తకము కూలిపోవునను భయమునకు ఆధారము మాకు కానరాదు. బ్రిటనులో 1992లో పైప్‌డౌన్ అను సంఘము స్థాపింపబడి ఈ సంగీతమునకు వ్యతిరేకముగ జాబుల యుద్యమము సాగించెను. 2016లో మార్క్స్ అండ్ స్పెన్సర్ వారు తమ కొట్లలో సంగీతమును ఆపివేసిరి. ఆస్ట్రేలియాలో కోల్స్ సంస్థవారు 2017లోను, బ్రిటనులో మారిసన్స్ వారు 2018లోను ఆటిజము గలవారి సౌకర్యమునకై వారమున కొక గంట దీపములు తగ్గించి, పాటను తగ్గించియో ఆపియో అంగడి నడుపు పద్ధతిని ప్రవేశపెట్టిరి. చెవియంత్రము ధరించు వృద్ధులకును ఆ గంట వరమే. రొదలో మాట విడదీయలేక వారు పడు పాట్లు వారి యింటివారికి తెలియును.

మన పట్టణములలోని కొట్ల యజమానులను మేము కోరునది అంతకంటె గొప్పది కాదు. శబ్దపు మీటను అచట పనిచేయువారి చేతి కిచ్చి, దినమున కొక గంట పాటను ఆపి చూడుడు. అది ఏ గంటయో వాకిట పలకమీద వ్రాసియుంచుడు. మా కార్యాలయపు కాఫీపొడియు పంచదారయు ఆ గంటలోనే కొని తెచ్చుకొందుము.